ఖురియాత్‌లో శుక్రవారం

"లెట్రిన్ డబ్బా నేను కడుగుతాను సాబ్," అన్నాడు గంగన్న హిందీలో.

పికప్ బానెట్ మీద మ్యాపు పరిచి నిలబడ్డ మేనేజర్ తల ఎత్తాడు. స్టీరింగ్ ముందు కూర్చున్న భూమేశ్ కిటికీలోంచి ఉమ్మేశాడు.

మేనేజర్ కొన్న కారవాన్ ట్రైలర్ పికప్ వెనక నిలబడి ఉంది. అందులో మంచం, పొయ్యి, పొయ్యికి మూరెడు దూరంలో లెట్రిన్. లెట్రిన్ కింద డబ్బా. నిండినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని లాగి, మోసుకెళ్లి, పారబోసి కడగాలి. ఈ చలికాలం సెలవుల్లో మేనేజర్ భార్యతో, క్యాంపున్న దుక్మ్ నుంచి సముద్రం వెంట షినాస్ దాకా పోతాడు. బండి నడపడం భూమేశ్ డ్యూటీ, కాదనడానికి లేదు. డబ్బా కడగడం ఎవరి డ్యూటీ కూడా కాదు.

కూలీల క్యాంపు మెస్సు వెనక సెప్టిక్ ట్యాంకు పొంగి వారాలైంది. అన్నం తింటుంటే ఆ నీళ్లు గడప దాకా వస్తున్నాయి. ట్యాంకర్ తెప్పించేదాకా మేనేజర్ సొంత పని ఎవరూ ముట్టొద్దని అందరిచేతా ఒట్టు వేయించింది గంగన్నే.

"ఖురియాత్‌లో ఆపుదాం సాబ్," గంగన్న మ్యాపు మీద వేలు పెట్టాడు. "నేను అక్కడ పనిచేశాను. చేపలు పడవ దగ్గరే కొనుక్కోవచ్చు. గురువారం సాయంత్రం చేరితే శుక్రవారమంతా ఉండొచ్చు."

"శుక్రవారం ఇసుక దిబ్బల్లో ఉందామనుకున్నానే."

"ఇసుకలో ట్రైలర్ దిగబడుతుంది. భూమేశ్‌ను అడగండి."

అది నిజమే. భూమేశ్ తల ఊపక తప్పలేదు. ఊపినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

మధ్యాహ్నం మెస్సులో గంగన్న కూర్చోగానే పక్కవాళ్లు కంచాలు జరుపుకున్నారు.

"ముక్కులు మూసుకోండ్రి, గంగన్న వచ్చిండు," అన్నాడు లింబాద్రి.

"ఎందుకే అన్నా గీ పని?" భూమేశ్ అడిగాడు. "నువ్వే ఒట్టు వెట్టిచ్చినవ్."

"సముద్రం జూసినట్టుంటది తమ్మీ."

"దుక్మ్‌ల సముద్రం లేదా?"

గంగన్న అన్నం కలుపుకున్నాడు. లింబాద్రి మాట మార్చాడు. ఊళ్లో ఏజెంటు ఇప్పుడు ఆడవాళ్లను కూడా గల్ఫ్‌లో ఇంటిపనికి, ఖద్దామాలుగా పంపుతున్నాడట.

"పెండ్లాన్ని ఖద్దామా పనికి తోలినోడు మొగోడేనా?" అన్నాడు భూమేశ్. "చెత్త పారేశెతందుకు తప్ప గడప దాటనియ్యరు. ఆ ఇండ్లల్ల ఏమైతదో ఎవలకెరుక. అసొంటిది మళ్ల ఊళ్లెకొస్తే నేనైతే ఆమె చేతి నీళ్లు తాగ."

గంగన్న సగం అన్నంతో కంచం పట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

"డబ్బా యాదికొచ్చినట్టుంది," అన్నాడు లింబాద్రి. అందరూ నవ్వారు.

గంగన్న భార్య ముత్తవ్వ ఊళ్లో బీడీలు చుడుతుందని అందరికీ తెలుసు. శుక్రవారం శుక్రవారం ఐమో కాల్‌లో మాట్లాడుతుంది. గుసగుసగా నాలుగు మాటలు చెప్పి పెట్టేస్తుంది. సిగ్నల్ ఉండదంటాడు గంగన్న. ఒకసారి అతని ఫోన్ పగిలితే భూమేశ్ ఫోన్ నుంచే మాట్లాడాడు. ఆమె ఊరి నంబరు 'ముత్తవ్వ వదిన' పేరుతో భూమేశ్ ఫోన్‌లో ఉండిపోయింది.

ప్రయాణంలో భూమేశ్ గంగన్నతో మాట్లాడలేదు. ఆగిన ప్రతిచోటా మేనేజర్ భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని డబ్బా వైపు చెయ్యి చూపేది. గంగన్న దాన్ని రెండు చేతులతో పొట్టకు ఆనించి మోసేవాడు. సూర్ దగ్గర డబ్బా తొణికి చొక్కా మీద పడింది. అతను రాళ్ల చాటుకు వెళ్లి వాంతి చేసుకుని, నోరు కడుక్కుని వచ్చి, "ఖురియాత్ ఎప్పుడు చేరుతం?" అని అడిగాడు.

భూమేశ్ టీ కప్పు అక్కడే పారబోశాడు. ఒకప్పుడు ఈ మనిషి మాటకు క్యాంపంతా లేచి నిలబడేది.

అనుకున్నట్టే గురువారం సాయంత్రం చేరారు. శుక్రవారం నమాజు అయ్యాక గంగన్న సబ్బుతో రెండుసార్లు స్నానం చేశాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. తల దువ్వుకుని డబ్బా అందుకున్నాడు.

"పారబోసొస్త."

"పొద్దుగాల్నే పారబోసినవ్ గద?"

గంగన్న ఖాళీ డబ్బాతో ఇళ్ల వైపు నడిచాడు. ఇస్త్రీ చొక్కాకూ ఆ డబ్బాకూ పొత్తు కుదరక భూమేశ్ వెనకే వెళ్లాడు.

చేపల మార్కెట్ దాటాక ఇళ్ల వెనక సందు. సందులో చెత్త తొట్టి. ఒక ఇంటి వెనక తలుపు తీసుకుని, తలకు గుడ్డ చుట్టుకున్న పనిమనిషి ఒకామె చెత్త సంచితో బయటికొచ్చింది. గంగన్న డబ్బా కింద పెట్టి ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు. తర్వాత ఆ చెయ్యి పట్టుకున్నాడు.

భూమేశ్ తొట్టి దాకా వచ్చాడు.

"ఇందుకా అన్నా?"

ఆమె గోడ వైపు తిరిగిపోయింది. గంగన్న చెయ్యి వదల్లేదు.

"మెల్లగ మాట్లాడు. ఇంటోళ్లు ఇంటరు."

"ఇననీ. ఖద్దామా కోసం పీతి డబ్బా మోసినవ్. అందరి ఒట్టు తీసి గట్టు మీద పెట్టినవ్. ఆడ వదిన బీడీలు చుట్టి చుట్టి నీ ఇల్లు నిలవెడుతుంటే..."

"అయిపోయిందా?"

"కాలే. ఇప్పుడే వదినకు ఫోన్ జేసి జెప్త."

"చెయ్యి," అన్నాడు గంగన్న.

భూమేశ్ ఐమో తెరిచి 'ముత్తవ్వ వదిన' పేరు నొక్కాడు.

గోడ వైపు తిరిగిన మనిషి రెండో చేతిలో ఫోన్ మోగింది.