శివారు నీళ్లు

“నువ్వు రాకపోతే మన మాట ఎవడు వింటాడు నాన్నా?”

ఎల్విరా పడవని గట్టు మీదికి లాగుతూ అడిగింది. గుమెర్సిందో టోర్టియా రొట్టెలో చిక్కుడు గింజల ముద్ద చుట్టుకుని తింటున్నాడు. పళ్లెంలో పక్కనే వేయించిన చేప ఉంది. కూతురు పట్టిన చేప. ముట్టుకోలేదు. ఈ మడుగు చేపని అతను ఏనాడూ ముట్టుకోలేదు.

మడుగు ఎండిపోతోంది. తుంగ మొదళ్లు బయటపడ్డాయి. నిన్నటిదాకా పడవ తిరిగిన చోట ఇవాళ కొంగలు బురదలో నడుస్తున్నాయి.

కాలువ అమెరికాలో మొదలవుతుంది. సరిహద్దు దాటి, మెక్సికో ఇసకంతా దాటి, ఈ ఊరి ముందు ఆగుతుంది. ఊరి బతుకు ఆ కొసకే వేలాడుతోంది. చేపలు, తుంగ చాపలు, పక్షుల్ని చూడ్డానికొచ్చే పట్నంవాళ్లిచ్చే పడవ కిరాయి. అంతే. ఇంకేం లేదు. ఇప్పుడు అవతల నీళ్లు వడగట్టే కొత్త యంత్రాలేవో బిగించారు. కాలువ నీళ్లన్నీ ఇక వాటికేనట. షట్టర్లు సగం దించేశారు. సోమవారం పూర్తిగా దించుతారు.

అందుకే రేపు ఊరు ఊరంతా సరిహద్దు గేటు దగ్గరికి పోతోంది.

“పేపరువాళ్లు వస్తున్నారు. ‘శవపెట్టె గుమెర్సిందో వస్తాడా’ అని అడిగారు,” అంది ఎల్విరా.

ఆ పేరు ఊరికే రాలేదు. ముప్పయ్యేళ్ల కింద, పైన మెక్సికాలి లోయలో అతనికి పత్తి చేను ఉండేది. అవతలివాళ్లు చేసిన పనికి ఆ ఏడు పైరు నిలువునా చచ్చింది. లోయంతా అదే గోడు. చచ్చిన పత్తి మొక్కల్ని శవపెట్టెలో పెట్టి, భుజాన మోసుకుంటూ అమెరికా కాన్సులేటు దాకా నడిచాడు. అతను గొంతెత్తితే వీధి వీధంతా అందుకునేది. ఏళ్ల తరబడి కొట్లాడితే అవతలివాళ్లు దిగొచ్చారు. అప్పుడు లోయ చేలని తప్పించి తవ్విందే ఈ కాలువ.

అతని చేను మాత్రం కోలుకోలేదు. చంటి ఎల్విరాని చంకనేసుకుని ఇంత దూరం దిగొచ్చాడు. అప్పటికి ఇక్కడ మడుగు లేదు. బీడు. కాలువ వచ్చాకే మడుగు పుట్టింది.

“నేను రాను,” అన్నాడు గుమెర్సిందో.

“ఎందుకని?”

“ఆ నీళ్ల కోసం నేను నోరు తెరవను.”

“పౌరుషమా? రేపట్నించి అదే కూర వండి పెడతాలే!”

పక్కింటి కూకో చాప అల్లుతూ నవ్వాడు. ఆనాడు శవపెట్టె రెండో కొస పట్టింది అతనే. “వదిలెయ్యమ్మాయ్. మీ నాన్న గొంతు తుప్పు పట్టింది.”

“నువ్వు పోతున్నావట్రా?” గుమెర్సిందో కసిరాడు. “సిగ్గు లేదూ?”

“ఉండేదిరా. పిల్లలు పుట్టాక అమ్ముకున్నా.”

ఎల్విరా మోకు విసిరికొట్టింది. తండ్రి ముందున్న పళ్లెం లాక్కుంది.

“చేప ముట్టవు. ఆ చేప అమ్మి కొన్న చిక్కుళ్లు మాత్రం గొంతు దిగుతాయి! నీ చేను నాకు గుర్తు కూడా లేదు నాన్నా. నాకు తెలిసిందల్లా ఈ మడుగే. ఇది పోతే నేనూ నీలాగే మూట నెత్తినెత్తుకుని కిందికి దిగాలి. ఎక్కడికి దిగను? కింద సముద్రమే ఉంది.”

గుమెర్సిందో పడవ అంచున ఆరిన తెల్ల చారల్ని బొటనవేలి గోటితో గీకుతూ కూర్చున్నాడు. పైకి పోదామంటే చేను లేదు. కిందికి పోదామంటే నేల లేదు. మనిషిని చంపడానికి తుపాకీ ఎందుకు? రెండు వైపులా దారి మూసేస్తే చాలు.

తెల్లారి ఎల్విరా లేచేసరికి అతను ట్యాంకరు నీళ్లతో మొహం కడుక్కుని, పాత టోపీ పెట్టుకుని, లారీలో కూర్చుని ఉన్నాడు. కూకో ఏదో అనబోయి, ఆ మొహం చూసి నోరు మూసుకున్నాడు.

గేటుకి ఇవతల జనం. అవతల సిపాయిలు, నల్ల కళ్లద్దాల అధికారి ఒకడు.

“గుమెర్సిందో గారూ, మళ్లీ అదే పోరాటమా?” పేపరు కుర్రాడొకడు ఉషారుగా అడిగాడు.

అతను వాడి వైపు చూడలేదు. ఎల్విరా మైకు చేతికిచ్చింది. నోరు తెరిచాడు. గొంతు రాలేదు.

“తుప్పు దులపరా,” వెనకనుంచి కూకో మెల్లిగా అన్నాడు. ఈసారి నవ్వలేదు.

గుమెర్సిందో మైకు కూతురికే ఇచ్చేశాడు. గేటు దాకా నడిచి, టోపీ తీసి, ఇనప చువ్వలు రెండు చేతులా పట్టుకున్నాడు.

“మీ చేలు కడిగి మా చేల మీదికి వదిలిన ఉప్పునీళ్లు ఆపమని ఆనాడు శవపెట్టె మోశాను దొరా, ఆ ఉప్పునీళ్లే ఆపొద్దని ఇవాళ అడుక్కోడానికొచ్చాను.”