పిల్లున్న ఇల్లు

చీమల మందు కంపెనీ ఆఫీసులోనే చీమలు. అదీ క్లర్కు బల్ల మీద, టీ గ్లాసుల మరకల చుట్టూ, బారులు తీరి.

వాటి సంగతి కాస్త చూడమని క్లర్కమ్మాయి వారం రోజులుగా మొత్తుకుంటోంది. చీటీలన్నీ జిగురు జిగురుగా అయిపోతున్నాయట. సీనియర్ విన్నట్టే ఉంటాడు, వినడు. సొంత ఆఫీసు బల్లకు మందు పెట్టడం తన స్థాయికి తక్కువని అతని ఉద్దేశం. స్థాయి అంటే మరేమీ లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఒక్క మెట్టయినా ఎక్కకుండా అదే ఉద్యోగంలో ఉన్నందుకు, జాలిపడి అందరూ సీనియర్ అంటారు.

ఆ ఉదయం ఆమె టీ గ్లాసు కింద నుంచి ఒక చీటీ లాగి, తాళంచెవితో సహా అతని చేతికిచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఆవిడ వచ్చి, అన్నీ రాయించి, తాళం ఇచ్చి వెళ్ళిందట. నాలుగింటికల్లా ఇంటికి వచ్చేస్తారట.

సీనియర్ చీటీని ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు. “ఇంట్లో పిల్లి ఉంది. కింద ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. జాగ్రత్త.”

అతని మూతి వంకర తిరిగింది.

“పిల్లున్న ఇల్లన్నా,” అంది ఆమె, మోగుతున్న ఫోనుకు చెయ్యి చాస్తూ. “మూసిన డబ్బాలే పెట్టమని మరీ మరీ చెప్పిందావిడ.”

“పిల్లున్న ఇళ్ళు నాకు కొత్తా? నువ్వు పలక పట్టుకుని బడికి పోయేనాటి నుంచీ చూస్తున్నా.”

జంతువుల్ని పెంచుకునేవాళ్ళంటే అతనికి ఒళ్ళు మంట. కిందటి నెలే ఒకాయన, కుక్క నిద్రపోతోందని అతన్ని అరగంట మెట్ల మీద కూర్చోబెట్టాడు. పోనీ, మనిషికి మంచినీళ్ళయినా ఇచ్చాడా అంటే అదీ లేదు.

ఇల్లు చిన్నదే. రెండు గదులు, వంటిల్లు. తలుపు తీయగానే పాల వాసన కొట్టింది. హాల్లో ఓ మూల బుల్లి పరుపు, దాని మీద మెత్తటి దుప్పటి. పక్కన గజ్జెల బంతి. కుందేలు బొమ్మ ఉన్న పాలగిన్నె. సీనియర్‌కు నవ్వాగలేదు. ఇంత వైభోగం తన పెళ్ళిలో తనకే జరగలేదు. పిల్లి మాత్రం ఏ మంచం కిందో నక్కినట్టుంది, కనబడలేదు.

టీపాయి నాలుగు మూలలకూ స్పాంజి ముక్కలు కట్టారు. గోళ్ళతో గీకకుండా కాబోలు. కింది అలమరాల పిడులకు తాళ్ళు కట్టారు. తలుపులు తీసే పిల్లి! ఇంకా నయం, దీనికి బీరువా తాళాలు ఇవ్వలేదు.

చీమలు బాల్కనీ గడప పగులులోంచి బయల్దేరి, గోడ వారగా నడిచి, ఆ బుల్లి పరుపు దగ్గర గుమిగూడాయి. పరుపు కింద చూస్తే బిస్కెట్ల పొడి. తీపి రుచే తెలియని జీవానికి బిస్కెట్లు పెట్టి చీమల్ని పిలిచే బుద్ధిమంతుల్ని ఏమనాలి? పైగా తనకు జాగ్రత్తలు చెబుతారు.

సంచిలో మూసిన డబ్బాలు పన్నెండున్నాయి. చీమ మాత్రమే దూరేంత సన్నటి కంతలు వాటికి. ఒక్కోదాంట్లో చుక్క చుక్కగా మందు పాకం నింపాలి, మూత బిగించాలి, ఎత్తుగా అతికించాలి. గంట పని. పాకాన్ని ఉత్త మూతల్లో పోసి నేల మీద పెట్టేస్తే పది నిమిషాలు.

కుక్కలున్న ఇంట్లో అయితే డబ్బాలు తప్పవు. కుక్క తీపి అంటే పడి చస్తుంది. పిల్లి నాలుకకు మాత్రం తీపి తెలియదు, చక్కెర పాకాన్ని వాసన చూసి వెళ్ళిపోతుంది. ఈ ఒక్క ముక్క అతను ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్చుకున్నాడు. ఆ తరువాత ఇంకేమీ నేర్చుకోలేదు.

పది మూతల్లో ఎర్రటి పాకం నిండుగా పోశాడు. గోడ వారగా పేర్చుకుంటూ వచ్చాడు. చీమలు ఎక్కువగా ఉన్నాయని రెండు మూతలు పరుపు పక్కనే పెట్టాడు. తాళం వేసి, చెవిని చెప్పినట్టే తలుపు పక్క ఉత్తరాల డబ్బాలో వేశాడు. వీధి చివర టీ తాగి, పేపరు తిరగేసి, బస్సులో కునుకు తీసి తీరిగ్గా ఆఫీసు చేరాడు.

గడియారంలో నాలుగుంబావు.

“పిల్లుందని గుర్తుంది కదన్నా? డబ్బాలే పెట్టారుగా?” అంది క్లర్కమ్మాయి, తలెత్తకుండానే.

“పిల్లుంటే ఏం పెట్టాలో నువ్వు నాకు చెప్పకమ్మా.”

ఇతనితో వాదించడం ఆమె ఎప్పుడో మానేసింది.

సీనియర్ చీటీని బల్ల మీద పరిచాడు. పని పూర్తయిందని రాసి సంతకం పెట్టాలి. టీ చక్కెరతో కాగితం గట్టిపడిపోయి ఉంది. వేలికి ఏదో గరుగ్గా తగిలింది. ఈ బల్లా, ఈ మరకలూ, ఈ మనుషులూ అని విసుక్కుంటూ అక్కడ గోటితో గీకాడు.

‘ల్లి’ మీది గుడి ఊడి, ముడుచుకుని ఎండిపోయిన చీమై బల్ల మీద పడింది. చీటీలో ‘ఇంట్లో పిల్ల ఉంది’ అని మిగిలింది.