సరిచేసుకున్న గుర్తు

మేళ్లచెరువు దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో తాహేరా కంప్యూటర్ ఆపరేటర్. ఆమె భర్త మెహమూద్ అక్కడే బస్తాలు నింపుతాడు. మధ్యాహ్నం తిండి వేళ, చల్లగా ఉంటుందని కంప్యూటర్ గదికి వస్తాడు.

ఆ రోజు ఆమె అతనికి తెర చూపించింది.

“జర సూడుండ్రి. హార్డ్ డిస్కు అడిగినదానికి జవాబిస్తాంది. గాని పక్కన గీ గుర్తు పెడ్తాంది. ‘చదువుతాంటే తప్పొచ్చింది, నేనే సరిచేసుకున్న’ అని దానర్థం.”

“పని నడుస్తాంది గద, ఫికరెందుకు?”

“మా ఆఫీసు సారు గూడ గదే అంటడు. లోపల్లోపల పాడైతాంది. సరిచేసుకునుడు చేతగాని రోజు ఒక్కసారే పడిపోతది. గీ గుర్తు లేకుంటే నాకు ఎర్కనే కాకపోతుండె.”

మెహమూద్ నవ్వబోయాడు. దగ్గు తన్నుకొచ్చింది. గోడవైపు తిరిగి దస్తీ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గు తగ్గగానే దాన్ని చూడకుండా మడిచి జేబులోకి తోశాడు.

“ఏం లేదు, దుమ్ము.”

“దస్తీ ఇటియ్యుండ్రి, ఉతుకుత.”

“వద్దు. నేనే ఉతుక్కుంట.”

తాహేరా అతని జేబువైపే చూసింది. పెళ్లయిన నాటి నుంచి తన బట్ట ఒక్కటీ ఉతుక్కోని మనిషి, కొన్నాళ్లుగా దస్తీ మాత్రం రోజూ తనే ఉతికి దండెం మీద ఆరేస్తున్నాడు. ఇంటిపనిలో సాయం చేస్తున్నాడని ఆమె పక్కింటివాళ్లకు గొప్పగా చెప్పుకుంది.

“ఇటియ్యుండ్రి,” అంది మళ్లీ. ఈసారి చేయి చాచింది.

మెహమూద్ జేబులోంచి చేయి తీయలేదు. ఆమె చాచిన చేయి వెనక్కి తీసుకోలేదు.