ఇంకాస్త కుడికి

"ఎడం చేత్తో ఇస్తావేంటి బావా? అక్క మీద కోపం నా మీద చూపిస్తున్నావా?" స్పానర్ అందుకుంటూ అన్నాడు, గోల్ఫ్ కార్ట్ కింద పడుకున్న మెకానిక్.

"పని చూడరా. బండి మళ్లీ ఎడమకి లాగేస్తోంది. నిన్న ఎక్కినవాళ్లని చెరువులో పడేసేవాణ్ణి," అన్నాడు రిసార్టుకి వచ్చినవాళ్లని ఆ బండిలో తిప్పే బావ.

మెకానిక్ ముందు చక్రాల మధ్య దూరం మళ్లీ కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. బండెక్కి, తిన్నని సిమెంటు బాట మీద స్టీరింగ్ వదిలేశాడు. బండి గీత గీసినట్టు వెళ్లింది.

"ఇప్పుడు నువ్వు నడుపు."

బావ నడపగానే బండి మెల్లగా ఎడమ పక్క గడ్డిలోకి దిగింది. మెకానిక్ ఈసారి చక్రాల వంక చూడలేదు. స్టీరింగ్ మీద ఊరికే ఆనించి ఉన్న బావ కుడి చేతి వంక చూశాడు. ఆ వేళ్లు పట్టు బిగించలేదు; స్టీరింగ్‌ని లాగుతున్నది ఎడం చెయ్యొక్కటే.

"ఎప్పట్నుంచి?"

"మా నాన్నకీ ఇలాగే మొదలైంది. ముందు చెయ్యి, తర్వాత కాలు, ఆఖరికి మాట."

"డాక్టరుకి చూపించావా?"

"ఆయన్ని చూసిన డాక్టరే. అప్పుడూ మందు లేదన్నాడు, ఇప్పుడూ లేదన్నాడు. నువ్వు చక్రాలు కాస్త కుడికి లాగేలా బిగించు, సరిపోతుంది."

"టైర్లు అరిగిపోతాయి బావా. అయినా వచ్చే నెలకి ఆ చెయ్యి ఇంకా..."

"అప్పుడు ఇంకాస్త కుడికి."

కింద పడున్న స్పానర్‌ని బావ తీసి అందించాడు, ఎడం చేత్తోనే. మెకానిక్ దాన్ని రెండు చేతులా అందుకుని బండి కిందికి దూరాడు.

చాలాసేపు నట్టు తిరిగిన చప్పుడు రాలేదు.