కాలాపత్తర్‌లో సూర్యోదయం

“హనీమూన్‌కి ఎక్కడికి పోయిండ్రు?” మధులత వీసా ఆఫీసరులా కళ్లజోడు సర్దుకుని అడిగింది.

“అండమాన్. హేవ్‌లాక్ దీవి,” అన్నాడు కేదార్.

అమీర్‌పేటలో నేర్పనిదంటూ లేదు. కింది అంతస్తులో జావా నేర్పుతారు. పై అంతస్తులోని ఈ ఇరుకు గదిలో, వీసా ఇంటర్వ్యూలో మొగుడూ పెళ్లాల్లా ఎలా మాట్లాడాలో మధులత నేర్పుతుంది. నిజం మొగుడూ పెళ్లాలకి కూడా ఈ చదువు తప్పడం లేదు. ఏం చేస్తాం!

కేదార్, భానుశ్రీ నిజం మొగుడూ పెళ్లాలే. పంజాగుట్టలో కాపురం. పెద్దవాళ్లు వద్దంటున్నా భానుశ్రీ పట్టుబట్టి చేసుకున్న పెళ్లి. గుళ్లో, హడావిడిగా, నలుగురి మధ్య అయిపోయింది. సరైన ఫొటోలు కూడా లేవు. ఉత్తుత్తి పెళ్లి అనుకుని ఆఫీసరు ఒకసారి ఇద్దరికీ వీసా కాదన్నాడు. ఇంకోసారి కాదంటే కేదార్‌కి విదేశంలో దొరికిన ఉద్యోగం చేజారినట్టే.

“మంచి హనీమూన్ ఒకటి చెప్తే నమ్ముతరు,” అంది మధులత. అండమాన్ అయితే పాస్‌పోర్టులో ముద్ర గొడవ లేదు. హేవ్‌లాక్ పేరు చెప్పింది భానుశ్రీయే. కేదార్ ఎరిగిన చోటు కాబట్టి తేలికవుతుందట. ఆమె మాత్రం కాకినాడ బీచి తప్ప వేరే సముద్రం చూసిన మనిషి కాదు.

కేదార్ అప్పజెప్పాడు. రాధానగర్ బీచిలో సూర్యాస్తమయం. ఎలిఫెంట్ బీచిలో నీళ్లలోకి దిగి పగడాలు చూడటం.

“రాధానగర్‌ల ఏం తిన్నరు?”

కేదార్ తడుముకున్నాడు.

“కొబ్బరి బొండాం,” అంది భానుశ్రీ. “ఈయన ఒకటే కొన్నారు. సగం తాగి నాకిచ్చారు. కాలి మీదకి చిన్న పీత ఎక్కితే నేను అరిచాను. అందరూ చూస్తున్నారని ఈయన కసిరారు.”

మధులత చప్పట్లు కొట్టింది. “మస్తు చెప్పినవ్ భానూ! పోయొచ్చినట్టే ఉన్నది.”

కేదార్ నవ్వలేదు. ఆ మాటలు అతను నేర్పినవి కావు. గదిలో ఇంకెవరో ఉన్నట్టనిపించి తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. అయినా భయం వేసింది.

“చివరి రోజు?”

“కాలాపత్తర్ బీచిలో సూర్యోదయం. అక్కడ నల్లరాళ్లు ఉంటాయి. తను ఒక్కతే వెళ్లింది. నేను రూంలో నిద్రపోతున్నాను.” ఈసారి తడుముకోలేదు. గబగబా చెప్పేశాడు.

మధులత తల పట్టుకుంది. “కొత్త పెళ్లాన్ని చీకట్ల ఒక్కదాన్నే పంపి నువ్వు పండుకున్నవా అన్నా? ఎవరన్న నమ్ముతరా? ఇద్దరం కలిసి పోయినమని చెప్పు.”

“నేను వెళ్లలేదండీ.”

“గిదేమన్న నిజమా, గింత పట్టు పడుతున్నవ్? జర మార్చన్నా.”

“మార్చను. నేను రూంలోనే ఉన్నాను!”

గొంతు గది దాటి వినిపించింది. కింద జావా పాఠం కాసేపు ఆగింది.

భానుశ్రీ మెల్లగా అందుకుంది.

“ఈయనా వచ్చారు మధులత గారూ. ఇంకా మసక చీకటే. నేను రాళ్ల చివర నుంచున్నాను. కెరటాలు పాదాలకి తగులుతున్నాయి. ఈయన పసుప్పచ్చ టీషర్టులో, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా వెనకనించి వచ్చారు.”

ఆ గొంతు ఆమెది కాదనిపించింది కేదార్‌కి.

“అట్లుండాలె! గిప్పుడు హనీమూన్ లెక్కున్నది,” అంది మధులత సంబరంగా.

కేదార్‌కి ఆ మాట వినపడలేదు. కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

“ఎవరు... ఎవరు చెప్పారు నీకు ఇదంతా?”

భానుశ్రీ అతని కళ్లలోకి చూసింది.

“మీ హనీమూన్ చివరి రోజు, నీళ్లలో పడిపోయేముందు అక్క సూర్యోదయం చూపిస్తూ వీడియో కాల్‌లో మాట్లాడుతున్నది నాతోనే, బావగారూ.”