రెండూ ఎడమ చేతులే

"నా కత్తెర ఇవ్వు!" అంటూ టైలర్ బల్ల మీద చరిచాడు.

సొరుగు తాళంచెవిని కూతురు గుప్పిట్లో బిగించింది. "ఇవ్వను నాన్నా. నీ ఒంటికి అసలు వయసు కంటే పదేళ్లు ఎక్కువని రక్తపరీక్షలో తేలింది. మతిమరుపు రావచ్చన్నారు."

"రావచ్చన్నారు. వచ్చేసిందన్నారా?"

"మరి ఇదేంటి?" నిన్న కుట్టిన చొక్కాను ఆయన ముందు విసిరింది. "రెండు వైపులా ఎడమ చేతులే కుట్టావు! నేను కళ్లల్లో వత్తులు వేసుకుని చూడబట్టి సరిపోయింది. లేకపోతే షాపు పరువేం కావాలి?"

ఆయన చొక్కాను విసురుగా తిరగేశాడు. చంక దగ్గర కుట్టును వేలితో తడిమి, ఆమె ముందుకు తోశాడు.

"ఇక్కడ నేను రెండు వరసలు కుడతాను. ఒక్క వరసతో వదిలేస్తావని నిన్ను రోజూ తిడతాను. ఇప్పుడు చూడు."

ఒక్క వరసే ఉంది.

"ఏదో పరధ్యానంలో..." అని నసిగింది కూతురు.

"నువ్వు తప్పు కుడితే పరధ్యానం. నేను కుడితే రోగం. అంతేగా?"

ఆమె గుప్పిట విప్పింది. అరచేతిలో తాళంచెవి ఎర్రగా అచ్చుపడింది.

ఆయన సొరుగు తెరిచి కత్తెర తీసుకున్నాడు. "కూర్చుని ఆ చెయ్యి ఊడదియ్యి. ఇక కళ్లల్లో వత్తులు నేను వేసుకుంటా."