మావాళ్ళే

స్టేడియం వీధి మొదట్లో పాతిన స్తంభం ప్రతి బండినీ ఆపి ఒకటే ప్రశ్న అడుగుతుంది: "ఎవరింటికి?" ఆ వీధివాళ్ళ బండ్లు, వాళ్ళ చుట్టాల బండ్లు తప్ప ఇంకేవీ లోపలికి పోకూడదు. ఊరంతా ఇవే స్తంభాలు. ఎక్కడో బండి వదిలి నడిచొద్దామన్నా జాగా లేదు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వేలల్లో వచ్చే జనం నలభైకి పడిపోయారు. ఆ నలభైమందీ స్టేడియం పక్కింటి రత్నాబాయమ్మ పుణ్యాన వస్తున్నవాళ్ళే.

వాళ్ళలో ఒకడైన నర్సింగ్ కూడా ప్రతి ఆదివారం ఆమె పేరే చెప్పేవాడు. స్తంభం ఆమెకు ఫోన్ కలిపేది. "మావాళ్ళే, రానియ్యి," అనేది ఆ ముసలమ్మ, నలభైసార్లూ విసుక్కోకుండా. ఎందుకమ్మా మా కోసం ఈ అబద్ధం అని ఒకసారి అడిగితే, "మీ కేకలు వినపడకపోతే ఇల్లు బావురుమంటది బిడ్డా," అంది.

ఈ ఆదివారం స్తంభం ఫోన్ కలపలేదు. "రత్నాబాయి గారు గురువారం చనిపోయారు. పరామర్శకు రక్తసంబంధీకులకే అనుమతి. మీరు ఆమెకు ఏమవుతారు?"

నర్సింగ్‌కి వెనక ఆగిన బండ్లు అద్దంలో కనిపించాయి. "కొడుకును," అన్నాడు. వెనక బండ్లలోవాళ్ళూ అదే మాట చెప్పారు. స్తంభం అందరికీ దారిచ్చింది.

మైదానంలో విజిల్ మోగింది. స్టేడియం గేటువైపు ఒక్కరూ కదల్లేదు. తాళం వేసిన ఆమె వాకిట్లో నలభైమంది కొడుకులు నిలబడ్డారు. గోల్ పడిందని లోపల మైకు అరిచింది. ఆమె కోసమైనా ఒక్క కేక వేద్దామని నర్సింగ్ నోరు తెరిచాడు.

ఏడుపొచ్చింది.